1984 ఆగస్టు, మా డ్రిల్లు మాస్టారు

మా ఇంట్లో దేశం సంగతులు వేరు, ఆటల సంగతులు వేరు అని ఎప్పుడూ అనుకోలేదు. నాన్న పేపరు మొదటి పేజీ నుంచి చదివేవాడు. మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు చివరి పేజీ నుంచి మొదలుపెట్టేవారు. ఒక్క పేపరునే ఇద్దరూ చెరో సగం పట్టుకుని, కాసేపయ్యాక మార్చుకునేవారు. తెనాలికి బస్సులో వెళ్లి రాగలిగే దూరంలో మా ఊరు. అక్కడ శాఖా గ్రంథాలయం అరుగు మీద సాయంత్రం పూట చేరేవాళ్లలో నాన్న కాంగ్రెస్ మనిషి, ఎదురింటి పెద్దనాన్న కమ్యూనిస్టు, కిరాణా కొట్టాయన కొత్తగా వచ్చిన అన్నగారి పార్టీ. డ్రిల్లు మాస్టారు ఏ పార్టీయో మాకు చివరిదాకా తెలియలేదు.

వీళ్లెవరికీ పదవులు లేవు, పలుకుబడి లేదు. నాన్న సహకార సంఘంలో గుమస్తా. అయినా దేశం తమదనీ, దాని మంచిచెడ్డలు మాట్లాడే హక్కు తమకుందనీ వాళ్లకు గట్టి నమ్మకం. ఓటు రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకుని వెళ్లేవాళ్లు. ఇవాళ నేను దేశం గురించి, ఆటల గురించి ఏం మాట్లాడినా అది ఆ అరుగు మీద నేర్చుకున్నదే.

1983 జూన్ 25 గురించి అందరూ రాశారు కాబట్టి నేను ఎక్కువ చెప్పను. మన జట్టు కొట్టింది 183 పరుగులే. వెస్టిండీస్ 140కే కూలింది. ఇంగ్లిషు, హిందీ కామెంటరీ సగం సగమే అర్థమయ్యేది మాకు. రిచర్డ్స్ కొట్టిన బంతిని కపిల్ వెనక్కి పరుగెత్తి పట్టుకున్నాడని డ్రిల్లు మాస్టారు తెలుగులో చెబితే గానీ అరుగు మీద కేకలు లేవలేదు. ఆ రాత్రి ఊళ్లో ఎవరూ సరిగా పడుకోలేదు.

నా మనసులో నాటుకుపోయింది మాత్రం ఆ మరుసటి ఏడు ఆగస్టు నెల.

లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్. ఆడవాళ్లకు 400 మీటర్ల హర్డిల్స్ పెట్టడం అదే మొదటిసారి. కేరళలోని పయ్యోలి నుంచి వెళ్లిన పి.టి. ఉష సెమీఫైనల్లో గెలిచి ఫైనల్‌కు వచ్చింది. మొదటి స్టార్ట్ ఉషకు బ్రహ్మాండంగా కుదిరిందట, కానీ ఇంకో అమ్మాయి ముందే కదలడంతో అందర్నీ వెనక్కి పిలిచి మళ్లీ మొదలుపెట్టారు. మొరాకో అమ్మాయి నవల్ బంగారు పతకం గెలిచింది. మూడో స్థానంలో వచ్చిన రొమేనియా అమ్మాయిది 55.41 సెకన్లు. ఉషది 55.42.

రేడియోలో ఆ వార్త విన్న మర్నాడు డ్రిల్లు పీరియడ్‌లో మాస్టారు మాతో ఏ ఆటా ఆడించలేదు. అడుగున చిల్లులు పొడిచిన డాల్డా డబ్బాలో సున్నం పోసి, దాన్ని కుదుపుతూ గ్రౌండ్‌లో అడ్డంగా ఒక గీత గీశారు. ఆ పని ఆయన చాలా శ్రద్ధగా చేసేవారు. ముందు రెండు మేకులకు పురికొస లాగి కట్టేవారు. దాని వెంట వంగి నడుస్తూ సున్నం పోసేవారు. తర్వాత కొస తీసేసి, గీత వంకర పోయిన చోట చేత్తో సరిచేసేవారు. ఆ రోజు గీత గీశాక మా క్లాసులో ఒకడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెమ్మన్నారు. గీతకు ఇవతల, ఏడు సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టారు.

"ఒరేయ్, నాలుగు వందల మీటర్లని యాభై అయిదున్నర సెకన్లతో భాగించండి. సెకనుకి ఏడు మీటర్ల చిల్లర వస్తుంది. అందులో వందో వంతు ఇదిగో, ఇంత. ఉషకీ పతకానికీ మధ్య ఉన్నది ఇదీ," అన్నారు.

మేమంతా గొంతుకు కూర్చుని ఆ చుక్కనీ గీతనీ చూశాం. నాలుగు వేళ్లు ఆనిస్తే ఆ సందు నిండిపోతుంది. లైన్లో ముందున్న ఒక అమ్మాయి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. మాస్టారు మాత్రం, "తక్కువ దూరమే. కానీ తేడా తేడాయే. ఫొటో తీసి చూపించారు. అందుకే ఉష కూడా కాదనలేదు," అన్నారు. లాస్ ఏంజిల్స్‌లో తిండి పడక, గంజీ పచ్చడీ తిని పరుగెత్తానని ఉష చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. అప్పటికి మాస్టారు లేరు. ఉండి ఉంటే ఆ ఒక్క మాట మీద ఒక వారం మాట్లాడేవారు.

ఆ తర్వాత వారం తిరిగిందో లేదో, ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తీసేశారు. ముందురోజే బడిలో జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుకున్నాం. రామారావు గారు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని అప్పుడే తిరిగొచ్చారు. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. తనకు మెజారిటీ ఉందని భాస్కరరావు గారు అంటారు, ఎమ్మెల్యేలంతా నా వెంటే ఉన్నారని రామారావు గారు అంటారు. బస్సులు ఆగిపోయాయి, కొట్లు మూసేశారు. అరుగు మీద ఎప్పుడూ చూడనంత మంది.

నాన్న కాంగ్రెస్ మనిషని చెప్పాను కదా. నాన్న అప్పుడన్న మాట నేను ఇప్పటికీ మా పిల్లలకు చెబుతుంటాను. "నేను ఆయనకు ఓటెయ్యలేదు. రేపు ఎన్నికలొచ్చినా వెయ్యను. కానీ నా ఊరివాళ్లు వేశారు. వాళ్ల ఓటు తీసెయ్యడానికి ఈ గవర్నరెవరు?"

కిరాణా కొట్టాయన కళ్లొత్తుకున్నాడు. అప్పటిదాకా నాన్నకూ ఆయనకూ మాటల్లేవు.

డ్రిల్లు మాస్టారు మాత్రం తన ధోరణిలోనే తేల్చారు. "ఏమండీ, ఇందులో గొడవ పడ్డానికేముంది? ఎవరి వెనక ఎంతమంది ఉన్నారో సభలో నిలబెట్టి లెక్కపెట్టమనండి. మొన్న ఉష ఓడిపోయిందంటే మనం ఎందుకు ఒప్పుకున్నాం? గీత అందరికీ కనపడింది, ఫొటో అందరూ చూశారు. గదిలో కూర్చుని ఫలానావాడు గెలిచాడని చెబితే ఎవరొప్పుకుంటారు?"

రామారావు గారు తన ఎమ్మెల్యేలను ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. తర్వాత కర్ణాటకలో శిబిరాలు. రాంలాల్ రాజీనామా చేశారు, ఆయన స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబర్ 16న రామారావు గారు మళ్లీ ప్రమాణస్వీకారం చేశారు. దాదాపు పదేళ్లకు, 1994లో, బొమ్మై కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలోనే గానీ, గవర్నర్ సొంత అంచనాతో కాదని. ఆ తీర్పు వార్త పేపర్లో చూసి నాన్న నన్ను సైకిలెక్కించి మాస్టారింటికి పంపాడు. మాస్టారు అప్పటికే చదివేశారు. చదివిన పేజీని మడిచి దిండు కింద పెట్టుకున్నారు.

ఇప్పుడు దేశంలో ఏ గొడవ గురించి విన్నా నేను ముందు చూసేది ఇదే. గీత అందరికీ కనిపిస్తోందా, లెక్క అందరి ముందూ జరుగుతోందా? ఏ పార్టీ అనేది ఆ తర్వాత. 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చినప్పుడు ఇక బాధ తీరిందనుకున్నాం. మూడో వంతు మంది కలిసి చీలిపోతే తప్పు లేదని అందులో ఒక కంత పెట్టారు. 2003లో దాన్ని పూడ్చారు. అయినా నిర్ణయం స్పీకర్ చేతిలోనే ఉంది, గడువంటూ లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీ కండువా కప్పుకున్నవాళ్లను చూశాం. వాళ్ల మీద పిటిషన్లు పదవీకాలం అయిపోయేదాకా నలగడమూ చూశాం. 2025 జులై 31న సుప్రీంకోర్టు తెలంగాణలో పది మంది ఎమ్మెల్యేల విషయం మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. ఓటేసిన మనిషి అయిదేళ్లలో ఎన్ని నెలలు ఎదురుచూడాలి? పార్టీ మారాలనుకున్నవాళ్లు రాజీనామా చేసి మళ్లీ పోటీ చెయ్యాలి. నా అభిప్రాయం అంతే, ఏ పార్టీకైనా అంతే.

బీహార్ ఓటర్ల జాబితాలో 65 లక్షల పేర్లు పోయాయన్నప్పుడు కూడా నాకు మాస్టారే గుర్తొచ్చారు. చనిపోయినవాళ్ల పేర్లు, రెండు చోట్ల ఉన్న పేర్లు తీసెయ్యాల్సిందే, అందులో తప్పులేదు. కానీ ఎవరి పేరు ఎందుకు తీశారో బయటపెట్టమని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఎందుకు ఆగాలి? మొదటి రోజే పంచాయతీ గోడకు అంటించాల్సిన కాగితం అది.

ఆటల దగ్గరకొస్తే నా మనసు ఇంకా ఎక్కువ కష్టపడుతుంది.

2000 సంవత్సరం ఏప్రిల్‌లో క్రికెట్‌లో మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడింది. హైదరాబాద్ నుంచి వచ్చి, ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన అజారుద్దీన్ పేరు అందులో వినపడింది. అజర్ మణికట్టు తిప్పి బంతిని లెగ్ సైడు పంపడం మాస్టారు బ్యాటు లేకుండా ఉత్త చేతుల్తో చేసి చూపించేవారు. ఆ ఏడు బోర్డు అతన్ని జీవితాంతం నిషేధించింది. ఆ నిషేధం చెల్లదని 2012లో హైకోర్టు చెప్పింది. తప్పు చేశాడా లేదా అన్నది మాత్రం మాలాంటి అభిమానులకు తేలకుండానే మిగిలింది. పన్నెండేళ్లు పట్టింది ఆ కేసుకు. అప్పటికి మాస్టారు చూపు మందగించి క్రికెట్ చూడటమే మానేశారు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం తెచ్చింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కనుంచి వెళ్లిన అమ్మాయి. రిటైరైన మాస్టారు ఆ రోజు బడికి వచ్చి, హెడ్ మాస్టారి అనుమతి తీసుకుని, పిల్లలందర్నీ ఎండలో కాకుండా వేపచెట్ల కింద నిలబెట్టి మాట్లాడారట. మా చెల్లెలి కొడుకు చెప్పాడు. "బరువు లేచిందా లేదా అన్నదానికి ముగ్గురు జడ్జీలు, మూడు దీపాలు ఉంటాయి. అందులో ఎవరి సిఫార్సూ పనిచెయ్యదు," అన్నారట.

ఇంత చెప్పాక, నాకు అన్నిటికంటే బాధ కలిగించిన సంగతి చెప్పాలి. 2023లో రెజ్లర్ అమ్మాయిలు ఢిల్లీలో జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. రెజ్లింగ్ ఫెడరేషన్ అధ్యక్షుడి మీద లైంగిక వేధింపుల ఆరోపణలు. అవి నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు. కానీ ఒక ఒలింపిక్ పతక విజేత తన ఫిర్యాదు వినిపించడానికి ఫుట్‌పాత్ మీద పడుకోవాలా? మే 28న కొత్త పార్లమెంటు భవనం ప్రారంభమవుతున్న రోజున, అటువైపు బయల్దేరిన వాళ్లను పోలీసులు ఈడ్చి బస్సులెక్కించడం టీవీలో చూశాను. అంతకు ముందు ఏప్రిల్‌లో, వీధికెక్కడం క్రమశిక్షణ కాదన్నట్టు ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలు మాట్లాడారు. ఆమె పి.టి. ఉష. నేను గొంతుకు కూర్చుని ఏడు సెంటీమీటర్ల సందు చూసి ఎవరి కోసం ఏడ్చానో ఆ ఉష. కొద్దిరోజులకు ఆమె శిబిరానికి వెళ్లి వాళ్లను కలిశారు. వెళ్లినందుకు నాకు ఊరట కలిగింది. అయినా ఆ మొదటి మాట ఆమె అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ గొడవలో ఎక్కువమంది గుర్తుపెట్టుకోని విషయం ఒకటుంది. మన రెజ్లింగ్ ఫెడరేషన్ ఎన్నికలు సకాలంలో జరపలేదని ఆ ఆగస్టులో అంతర్జాతీయ సమాఖ్య దాన్ని సస్పెండ్ చేసింది. సెప్టెంబర్‌లో బెల్‌గ్రేడ్ ప్రపంచ పోటీల్లో అంతిమ్ పంఘల్ అనే చిన్నపిల్ల కాంస్యం గెలిచింది. ఆమె వెనక మన జెండా లేదు. పెద్దలు ఒక ఎన్నిక జరపకపోతే, గెలిచిన పిల్ల తన దేశం పేరు లేకుండా బరిలో దిగాల్సి వచ్చింది. దేశభక్తి గురించి ఇంత మాట్లాడుకునే రోజుల్లో దీని మీద ఒక్క రోజైనా దేశం మొత్తం కోపం తెచ్చుకోవాల్సింది.

ఆ మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో రెజ్లర్ వినేశ్ ఫొగట్ సంగతి అందరికీ తెలుసు. అప్పటిదాకా అంతర్జాతీయ పోటీల్లో ఓటమే ఎరగని జపాన్ అమ్మాయి సుసాకిని ఓడించి ఫైనల్ చేరింది. మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువైందని పోటీ నుంచి తప్పించారు. మా ఆఫీసులో సగం మంది కుట్ర అన్నారు. నేను అనలేదు. తూకం తూకమే, అది అందరికీ ఒకటే. ఏడు సెంటీమీటర్లు ఒప్పుకున్నట్టే వంద గ్రాములూ ఒప్పుకోవాలి. నేను అడిగేదల్లా, ఆడే పిల్లల మీద గ్రాముల్లో పెట్టిన నిబంధన, ఆడించే పెద్దల మీద కూడా పెట్టమనే.

2025 ఆగస్టులో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది. క్రీడా సంఘాల మీద ఒక బోర్డు, తగాదాలు తేల్చడానికి ట్రిబ్యునల్, కమిటీల్లో ఆటగాళ్లకూ ఆడవాళ్లకూ చోటు. ఇవి మంచివి, ఎప్పుడో రావాల్సినవి. కానీ సమాచార హక్కు దగ్గర వెనక్కి తగ్గారు. ప్రభుత్వం నుంచి డబ్బు తీసుకునే సంఘాలకే అది వర్తిస్తుందన్నారు కాబట్టి క్రికెట్ బోర్డు తప్పించుకుంది. దేశం పేరుతో జట్టును ఎంపిక చేసేవాళ్లు దేశానికి లెక్క చెప్పరా? దీనికి నాకు సరైన సమాధానం ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. అదే నెలలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం తెచ్చారు. దాన్ని మాత్రం నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఐపీఎల్ సీజన్ వస్తే మా వీధిలో తల్లులకు టెన్షన్ మొదలయ్యేది. ఫోన్‌లో బెట్టింగులు కట్టి, బండి తాకట్టు పెట్టి, ఇంటికి రావడం మానేసిన కుర్రాళ్లు నాకు తెలుసు.

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి, 2036 ఒలింపిక్స్ కూడా కావాలంటున్నాం. రావాలనే నాకూ ఉంది. 2010లో ఢిల్లీలో మనవాళ్లు 101 పతకాలు గెలిచారు. ఎంతమందికి గుర్తుంది? ఆ క్రీడలనగానే కుంభకోణమనే మాటే గుర్తొస్తుంది. పరుగెత్తి గెలిచినవాళ్లకు అంతకంటే అన్యాయం లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో మనకు వచ్చినవి ఆరు పతకాలు, ఒక్క బంగారమూ లేదు. స్టేడియాలు కట్టడానికి ముందు పిల్లలు పరుగెత్తడానికి చోటు ఎక్కడుందో చూడాలి.

ఆ చోటు గురించే నేను ఇప్పుడు తిరుగుతున్నాను. మా హైస్కూలు గ్రౌండ్‌లో ఒకప్పుడు బాల్ బ్యాడ్మింటన్ కోర్టు, రెండు వాలీబాల్ కోర్టులు, చుట్టూ 200 మీటర్ల ట్రాక్ ఉండేవి. ముందు ఒక మూల నీళ్ల ట్యాంకు వచ్చింది. తర్వాత రోడ్డు వైపు ఒక ఆఫీసు భవనం లేచింది. దానికి ప్రహరీ, ఆ ప్రహరీకి గేటు, గేటు ముందు కార్లు పెట్టుకునే జాగా. మిగిలిన దాంట్లో ఖోఖో ఆడినా బంతాట ఆడినా ఒకళ్లనొకళ్లు గుద్దుకోవాలి. ఎవరూ రాత్రికి రాత్రి ఆక్రమించింది కాదు. ప్రతిసారీ ఏదో ఒక మంచి కారణం చెప్పారు, ఏ ఒక్కసారీ పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ అడగలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. తరగతి గదితో, తాగునీటితో సమానంగా రాశారు దాన్ని.

సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. గ్రౌండ్ మొత్తం విస్తీర్ణం ఎంత, అందులో ఎంత ఎవరికి, ఏ తీర్మానంతో ఇచ్చారు అని అడిగాను. మొదట ఇచ్చిన జవాబులో సర్వే నంబరు తప్ప ఏమీ లేదు. అప్పీలు చేస్తే పాత కొలతల నకలు ఇచ్చారు. అది తీసుకెళ్లి స్కూల్ కమిటీలో ఉన్న తల్లులకు చూపించాను. వాళ్లలో ఒకామె ఆ గ్రౌండ్‌లోనే పరుగెత్తి జిల్లా పోటీలకు వెళ్లిందట. కాగితం మీద ట్రాక్ వంపు ఎక్కడ తిరిగేదో వేలు పెట్టి చూపించింది. "మాస్టారు గారు ఇక్కడ నిలబడేవారండీ, విజిల్ పట్టుకుని," అంది.

ఈసారి గ్రామసభకు ఆ తల్లులంతా వస్తామన్నారు. మిగిలిన స్థలానికి కంచె వెయ్యాలనీ, అందులోంచి ఇకపై ఒక్క గజం తీసుకోవాలన్నా సభలో చేతులెత్తించి లెక్కపెట్టాలనీ తీర్మానం అడుగుతాం. ఆఫీసు వాళ్ల కార్లకు వేరే చోటు చూపించాలని కూడా అందులో రాశాం. తీర్మానం కాగితం మా తమ్ముడు టైపు చేయించాడు, సంతకాలు సేకరిస్తున్నాం. నాన్న వయసు వాళ్లలో మిగిలిన కిరాణా కొట్టాయనది మొదటి సంతకం.